సుగ్గి లారీ కంటే ముందు హాస్టల్ రావాలి

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో చాలా ఏళ్లు టీచరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. మా వైపు పిల్లలు నెలల తరబడి బడికి రాకపోవడానికి ముఖ్య కారణం జ్వరాలు కావు, బద్ధకం కాదు. సుగ్గి. పంట కోతలకు ఊరొదిలి పోవడాన్ని కోసిగి, మంత్రాలయం వైపు అలా అంటాం.

దీపావళి అటూ ఇటూగా పత్తి తీయడానికి తెలంగాణకు, సంక్రాంతి దాటాక మిరపకాయలు కోయడానికి గుంటూరు, పల్నాడు జిల్లాలకు పోతారు. తుంగభద్ర పక్కనే పారుతున్నా మా చేలలో చాలావాటికి వానే దిక్కు. బియ్యం మూటలు, గిన్నెలు, దుప్పట్లు, పిల్లలు అన్నీ ఒకే లారీలో. తెల్లారి ప్రేయర్‌లో చూస్తే లైన్లు సగమైపోయి ఉంటాయి.

కోత చేతకాని చిన్నపిల్లలకు కూడా అక్కడ పని ఉంటుంది. చేను గట్టున చంటిదాన్ని ఆడించాలి, గుడిసెకు కాపలా ఉండాలి. ఆ పని ఎక్కువగా ఆడపిల్లదే. ఒక ఏడు ఉగాది ముందు మిరప కోతల నుంచి తిరిగొచ్చిన ఆరో తరగతి పిల్ల మధ్యాహ్న భోజనం దగ్గర నన్ను చెంచా అడిగింది. ఇంతకు ముందెప్పుడూ అడగలేదే అన్నాను. వేళ్లు మండుతున్నాయి సార్, అన్నం కలపలేను అంది. తర్వాత కొద్ది రోజులకే ఆ పిల్ల పరీక్ష రాసింది. ఏం రాసిందో అడక్కండి.

పిల్లల్ని బడికి పంపే తల్లుల ఖాతాలో డబ్బు వేసే తల్లికి వందనం మంచి పథకమే. ఇంట్లో చదువుకునే పిల్లలందరికీ ఇవ్వడం ఇంకా మంచిది. కానీ ఆ డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది. కూలీలను పోగేసి సుగ్గికి తీసుకెళ్లే మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు వస్తుంది. అప్పున్న తండ్రి ఏది పట్టుకుంటాడో మీకు చెప్పక్కర్లేదు.

నేను కొత్త పథకం అడగడం లేదు. బడి చదువులకు కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద సీజనల్ హాస్టళ్లు ఉండనే ఉన్నాయి. తల్లిదండ్రులు సుగ్గికి పోతే పిల్లలు ఊళ్లోనే తిని, పడుకుని, చదువుకోవచ్చు. చిక్కంతా తేదీ దగ్గరే. నేను పనిచేసిన ఒక బడికి ఓ ఏడు అనుమతి సంక్రాంతి తర్వాత వచ్చింది. లారీలు దీపావళికే పోయాయి. వంటమనిషి వచ్చింది, సరుకులు వచ్చాయి, పిల్లలే లేరు. లెక్క చూపాలి కాబట్టి రాత్రి ఇంట్లో పడుకునే పిల్లల పేర్లు రాశాం. ఆ కాగితం మీద నా సంతకమూ ఉంది.

హాస్టల్ పెట్టినా ఆడపిల్లల్ని వదలడానికి తల్లులు జంకుతారు. రాత్రి తోడుండే ఆయమ్మ, గడియ పడే బాత్రూమ్ తలుపు, ఈ రెండూ లేకపోతే నేనైనా పంపను.

అయినా కొందరు పిల్లలు వెళ్తారు. వాళ్ల సంగతి? వలస కుటుంబాల పిల్లల్ని స్థానిక బడిలో చేర్చుకునేలా చూడాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతోంది. పల్నాడులో మిరప చేను పక్కనే బడి ఉంటుంది. కానీ పేరు కర్నూలు జిల్లా బడిలో ఉందంటారు, రెండు నెలల కోసం టీసీ ఎందుకంటారు. మా ఊరి కూలీ వేలిముద్ర వేసి తన రేషన్ బియ్యం అక్కడ తీసుకోవచ్చు. అదే కూలీ బిడ్డ అక్కడి బడిలో కూర్చుంటే ఆ రోజు హాజరు ఇక్కడి బడి ఖాతాలో ఎందుకు పడకూడదు? బియ్యానికి కుదిరింది కదా. పుస్తకాలూ రెండు చోట్లా అవే.

ఎవరు వెళ్తారో తెలుసుకోవడానికి పెద్ద సర్వే అక్కర్లేదు. హెడ్‌మాస్టర్‌ని, గ్రామ సచివాలయం వాళ్లని కూర్చోబెడితే ఒక్క పూటలో ఇంటింటి లిస్టు రాసిస్తారు. ఆ లిస్టు ఆగస్టులో తెప్పించండి. సెప్టెంబరులో అనుమతి, డబ్బు రెండూ బడికి చేరాలి. మా ఊళ్లల్లో మేస్త్రీలు దసరాకే అడ్వాన్సులు పంచేస్తారు సార్.

ఇట్లు
ఒక రిటైర్డ్ టీచరు,
కర్నూలు జిల్లా