కాందిశీకులకు చోటు చూపేముందు ఆ చోటివారిని అడగాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

కాందిశీకుల పునరావాసం గురించి మన చుట్టుపక్కల దేశాలు ఎలా వాదించుకుంటున్నాయో వివరిస్తూ మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఢిల్లీ, ఢాకా, కాఠ్మండూ మాటలన్నీ అందులో ఉన్నాయి గాని, కాందిశీకులను తెచ్చి దింపిన ఊళ్ల మాట ఒక్కటీ లేదు. అటువంటి ఊళ్ల మధ్యనే పుట్టి పెరిగి, ఇక్కడి బడిలోనే పాఠాలు చెప్పి రిటైరైన ఒడిశా మల్కన్‌గిరి జిల్లా తెలుగువాడిగా ఆ లోటు గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా కలిమెల వైపు బస్సెక్కితే కండక్టరు కేకవేసే ఊళ్లలో చాలావాటికి పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. ఎం.వి. 79 అంటే అదొక ఊరు. 1958లో కేంద్ర ప్రభుత్వం దండకారణ్య ప్రాజెక్టు మొదలుపెట్టి, తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిన కాందిశీకులను అప్పటి కోరాపుట్ జిల్లాలోని ఉమర్‌కోట్, మల్కన్‌గిరి ప్రాంతాలకూ, బస్తర్‌లోని పరల్‌కోట్‌కూ తరలించి, అడవి నరికి ఊళ్లు వేసింది. 'మల్కన్‌గిరి విలేజ్' అన్న మాటకు పొడి అక్షరాలు తీసుకుని వాటికి వరుస సంఖ్యలు తగిలించారు. ఇప్పటికీ రేషను కార్డు మీదా, బడి రిజిస్టరులోనూ అదే అంకె.

చాలా ఏళ్ల కిందట ఓటరు జాబితా పని మీద బడి వరండాలో కూర్చుని దరఖాస్తులు నింపుతున్నప్పుడు ఒక బెంగాలీ ముసలాయనను ఊరేదని అడిగాను. ముందు అంకె చెప్పాడు. కాసేపాగి, 'అసలు ఊరు అడుగుతున్నారా?' అంటూ బరిసాల్ జిల్లాలో తాను వదిలి వచ్చిన ఊరి పేరు, దాని పక్కన పారే ఏటి పేరు చెప్పాడు. ఆయన వెనుక వరుసలో నిలబడిన కోయ పెద్ద ఒకరు ఆ అంకె విని, 'అక్కడ మా నాయన పోడు కొట్టేవాడు, ఆ ఇప్పచెట్లు మావే' అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. బెంగాలీ ముసలాయన తల వంచుకుని వేలిముద్ర వేసి వెళ్లిపోయాడు. ఆ అడవిలోకి పంపేటప్పుడు ఆ ముసలాయనను ఎవరూ అడగలేదు, ఆ అడవి తీసుకునేటప్పుడు ఈ కోయ పెద్దనూ ఎవరూ అడగలేదు. ఇష్టం లేని చోట దింపిన ఫలితం 1978లో కనబడింది. వేలాది కుటుంబాలు ఇక్కడి నుంచి లేచి పశ్చిమ బెంగాల్‌కు వెళ్లగా, వారిలో సుందరబన్‌లోని మరిచ్‌ఝాపి దీవిలో ఇళ్లు వేసుకున్నవారిని మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వం పోలీసులను పెట్టి ఖాళీ చేయించింది.

పొరుగు దేశాల వాదనలను ఈ అనుభవంతో పోల్చి చదవాలని నా మనవి. బంగ్లాదేశ్‌లో మాటంతా తిరుగు ప్రయాణం చుట్టూనే తిరుగుతుంది. 2017 ఆగస్టు తర్వాత మయన్మార్ నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు వచ్చినా, బంగ్లాదేశ్ ప్రభుత్వం వారిని కాందిశీకులనకుండా 'బలవంతంగా నిర్వాసితులైన మయన్మార్ జాతీయులు' అని రాసుకుంటుంది. వారు వెళ్లిపోవలసినవారే అన్న తీర్పు ఆ పేరులోనే ఉంది. 2018లోనూ, 2019లోనూ తిరిగి పంపడానికి ఏర్పాట్లు చేస్తే బయల్దేరడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఢాకాకు అది దౌత్యం. శిబిరాలున్న ఉఖియా, టెక్నాఫ్‌లలో మాత్రం వచ్చినవారి సంఖ్య స్థానికులను మించిపోయి, కొండల మీది అడవి గుడిసెలకూ వంటచెరకుకూ పోయి, కూలి రేటు పడిపోయిన పేదవాడికి అది రోజూ పొద్దున లేస్తే ఎదురయ్యే సంగతి.

నేపాల్‌లో తగవు మరో రకం. 1990ల మొదట్లో భూటాన్ వెళ్లగొట్టిన నేపాలీ భాషీయులు లక్షమందికి పైగా ఝాపా, మొరంగ్ జిల్లాల శిబిరాల్లో ఉండిపోయారు. రెండు ప్రభుత్వాలు ఏళ్ల తరబడి చర్చించినా ఒక్కరినీ ఇంటికి చేర్చలేకపోయాయి. 2007లో మొదలైన పునరావాసం కింద 1,13,000 మందికి పైగా ఎనిమిది దేశాలకు వెళ్లారు, ఎక్కువమంది అమెరికాకే. వెళ్లిపోతే భూటాన్ మీద హక్కు వదులుకున్నట్టేనని శిబిరాల్లోనే కొందరు గట్టిగా ఎదిరించారు. వారి భయం ఒట్టిదని నేననలేను. 2025లో అమెరికా వెనక్కి పంపిన కొందరిని భూటాన్ ఉండనివ్వలేదు, వారిలో కొందరు తిరిగి నేపాల్ శిబిరాలకే చేరారు. ఇక పాకిస్తాన్ నాలుగు దశాబ్దాలు ఆఫ్ఘన్లకు చోటిచ్చి, పత్రాలు లేనివారు 2023 నవంబరు 1 లోగా వెళ్లిపోవాలని ఒక్కసారిగా గడువు పెట్టింది.

మన దగ్గర వాదన ఎవరు అర్హులన్న దాని మీదే ఆగిపోయింది. 2019 పౌరసత్వ సవరణ చట్టం మూడు దేశాల నుంచి 2014 డిసెంబరు 31 లోగా వచ్చిన ఆరు మతాలవారికి దారి తెరిచింది. శ్రీలంక తమిళులు అందులో లేరు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థి ఒప్పందం మీద మనం సంతకం చేయలేదు, బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్తాన్ కూడా చేయలేదు. సొంత చట్టమూ లేదు. 2015లో లోక్‌సభలో శశి థరూర్ ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. అందువల్ల ఏ గుంపు వస్తే దానికి అప్పటికప్పుడు ఒక ఉత్తర్వు, ఒక జిల్లా.

అరుణాచల్‌లో జరిగిందీ అదే. తూర్పు బెంగాల్‌లోని కప్తాయి ఆనకట్ట కింద భూములు మునిగి వచ్చిన చక్మా తెగవారిని 1964 నుంచి కేంద్రం అక్కడ దింపింది. వారి ప్రాణరక్షణ రాష్ట్రం బాధ్యత అని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది, అది న్యాయమైన తీర్పు. కాని తమను అడగలేదన్న స్థానిక తెగల బాధకు ఆ తీర్పులో జవాబు లేదు, ఆ రగడ ఇంకా చల్లారలేదు.

ఊరిని అడిగితే ఎవరూ ఒప్పుకోరు, ఇక కాందిశీకులకు చోటే ఉండదు అని నా స్నేహితులే అంటారు. మిజోరంను చూడమంటాను. 2021లో మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నాక చిన్ ప్రజలు సరిహద్దు దాటి వస్తుంటే, రానివ్వవద్దని కేంద్ర హోంశాఖ ఈశాన్య రాష్ట్రాలకు రాసింది. కళ్లెదుట బాధపడుతుంటే ఊరుకోలేమని మిజోరం ముఖ్యమంత్రి ప్రధానికి తిరిగి రాశారు. చర్చీలూ, ఊరి యువజన సంఘాలూ బియ్యం పోగుచేసి 30 వేల మందికి పైగా పెట్టాయి. మిజోలకూ చిన్‌లకూ రక్తబంధం ఉంది గనుక అది వేరనవచ్చు, కొంత నిజమే. అయినా అక్కడ తలుపు తీసింది ఇంటివాళ్లే.

మేమూ బయటినుంచి వచ్చినవాళ్లమే. గోదావరి జిల్లాల నుంచి వ్యాపారానికి వచ్చిన మా పెద్దలు కోయలను అడిగి రాలేదు. కాబట్టి ఈ మాట బెంగాలీలకు వ్యతిరేకంగా అంటున్నది కాదు. ఈ పాటికి వారి మనవలకు బరిసాల్ ఒక కథ మాత్రమే, వారి ఊరు ఈ అంకె ఊరే.

గిరిజన ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రాజెక్టుల నిర్వాసితులకు పునరావాసం చూపేముందు గ్రామసభను గాని పంచాయతీని గాని సంప్రదించాలి. దేశం దాటి వచ్చినవారి విషయంలో ఆ నియమం లేదు. శరణార్థి చట్టం ఎప్పుడు తెచ్చినా, చోటిచ్చే గ్రామసభ అభిప్రాయం, వచ్చేవారి సమ్మతి రెండూ రాతపూర్వకంగా తీసుకోవాలనీ, పట్టా ఇచ్చేముందు ఆ భూమి మీద పాత హక్కులను తేల్చాలనీ అందులో ఉండాలి. అలాగే మా ఎం.వి. ఊళ్లలో ఉన్నవారినీ చుట్టుపక్కల కోయ పల్లెలనూ కలిపి కూర్చోబెట్టి, ఆ అంకెల స్థానంలో పేర్లు నిర్ణయించే పని జిల్లా యంత్రాంగం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, దానికి కొత్త చట్టంతో పనిలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కలిమెల, మల్కన్‌గిరి జిల్లా, ఒడిశా