కల్తీ కల్లు కంపౌండుకు సీలు వేసిన రోజే దవాఖానకు ఫోన్ పోవాలి

రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

మాది పాత పాలమూరు జిల్లాలో జడ్చర్లకు దగ్గరి పల్లె. కల్లు అమ్మే కంపౌండు ఎదురుగా నాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. పొద్దుగూకితే బుడ్డలు, ఉడికిన గుడ్లు, కారం బూందీ ఎక్కువగా పోయేది ఆ కంపౌండుకే. నా బేరంలో సగం దాని పుణ్యమే. ఈ మాట రేపు ఇంకెవరో మీకు చెప్పేకన్నా ముందే నేను ఒప్పుకోవడం నయం.

ఆ మధ్య మా బస్టాండు గోడకు మత్తు పదార్థాల మీద ఒక పోస్టర్ అంటించారు. సూది, తెల్ల పొడి, పుర్రె బొమ్మ, తల పట్టుకుని కూర్చున్న కాలేజీ పిల్లగాడు. పత్తి కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు ఆ పోస్టర్ ముందే ఆటో దిగి, చీరలకు అంటిన పత్తి దులుపుకుని, సక్కగా కంపౌండులోకి నడిచారు. ఆ బొమ్మ తమ గురించేనని వాళ్లలో ఒక్కరికీ అనిపించలేదు. ఎట్లా అనిపిస్తుంది? డ్రగ్స్ అంటే వాళ్ల లెక్కలో హైదరాబాద్ పబ్బుల సంగతి. కల్లంటే ఎల్లమ్మకు సాక పోసేది, పెళ్లికీ చావుకీ ఉండేది, ఒళ్లు నొప్పులకు ఒక సీసా తాగి పడుకునేది.

కానీ సీసాలో ఇప్పుడు వచ్చేది ఆ కల్లేనా? మా చుట్టుపక్కల ఈత చెట్లు ప్లాట్ల కింద పోయాయి. తాటిచెట్లు ఎక్కేవాళ్లు ముసలివాళ్లయ్యారు, కొడుకులు మోకు పట్టలేదు. పైగా తాటికల్లుకు ఒక కాలం, ఈతకల్లుకు ఒక కాలం. పొద్దున దించింది సాయంత్రానికల్లా పులుస్తుంది. మరి పన్నెండు నెలలూ ఒకటే రుచితో, పెట్టెలకు పెట్టెలు ఎక్కడ పారుతోంది? కల్తీ పట్టుబడిన ప్రతిసారీ అవే పేర్లు వింటాం: అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. అన్నీ నిద్ర పుచ్చే మత్తుమందులే. తీపికి సాక్రిన్. అల్ప్రాజోలం డాక్టరు రాస్తే పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో రాస్తారు. మెడికల్ షాపువాళ్లు చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చింది రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచిపెట్టాలి. అదే మందు పొడిగా డ్రమ్ములో పోసి కర్రతో కలిపితే ఏ సీసాలో ఎంత పడిందో కలిపినవాడికే తెలియదు. నిజంగా చెట్టెక్కే గీత కార్మికుడికి కూడా ఈ వ్యాపారం పొట్ట కొట్టేదే.

ఇక మా ఇంటి సంగతి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కంపౌండు బంద్ చేశారు. మా చిన్నమ్మకు రెండో రోజుకే చేతులు వణకడం మొదలైంది, కంటి మీద కునుకు లేదు. మూడో రోజు రాత్రి మంచం మీద కూర్చుని దుప్పటి మీద పత్తి ఏరుతోంది. అక్కడ పత్తి లేదు. రెండు వేళ్లతో గిల్లి ఒడిలో వేసుకుంటుంది, మళ్లీ గిల్లుతుంది. "ఇంక రెండు సాళ్లే ఉన్నయి, జరంత ఆగు" అంటుంది. ఆపబోతే నా చేయి మీద కొట్టింది. మా చిన్నాయన గాలి సోకిందన్నాడు. నిమ్మకాయలు తిప్పారు. తెల్లారకముందే ఫిట్స్ వచ్చి, పళ్ల మధ్య నాలుక తెగింది.

108లో సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ కరోనా గురించి కూడా తర్వాత అడిగింది, ముందు "రోజుకు ఎన్ని సీసాలు?" అంది. చిన్నాయన తల దించుకుని రెండన్నాడు. నాలుగని నాకు తెలుసు, దుకాణం ఎదురుగానే కదా. నాలుగని చెప్పా. చిన్నాయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు, అది వేరే సంగతి. ఆ డాక్టరమ్మ చెప్పింది మాత్రం ఇప్పటికీ గుర్తుంది: ఏళ్ల తరబడి మత్తుమందుకు అలవాటు పడిన ఒంటికి అది ఒక్కసారిగా అందకపోతే ఫిట్స్ వస్తాయి, ప్రాణమూ పోవచ్చు. డాక్టరు కనిపెట్టుకుని వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గించాలి. ఇంట్లో గొళ్లెం పెట్టి మాన్పిస్తామంటే కుదరదు. చిన్నమ్మ బతికింది. ఇప్పుడు చాయ్ మాత్రం నా దుకాణంలోనే అప్పు పెట్టి తాగుతుంది.

ఇది కరోనా తెచ్చిన కొత్త కష్టం కాదు. 2015 సెప్టెంబర్‌లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల దవాఖానలకు ఇట్లాంటివాళ్లే వరుస కట్టారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం చనిపోతే మళ్లీ దాడులు, మళ్లీ సీళ్లు. దాడులు వద్దని నేననడం లేదు. కలిపేవాణ్ణి వదలొద్దు. కానీ సీలు పడ్డ ఊళ్లో మర్నాటి నుంచి వణికేవాళ్ల లెక్క ఎవరు చూస్తున్నారు?

ముందుగా చెబితే సరుకు మాయమవుతుందని ఎక్సైజ్ వాళ్లు అంటారు. నిజమే, ముందు చెప్పనక్కర్లేదు. సీలు వేసిన గంటలో ఆ ఊరి పీహెచ్‌సీకి ఒక్క ఫోన్ పోతే చాలు. మా చిన్నమ్మకు ఫిట్స్ వచ్చింది బంద్ పెట్టిన గంటలో కాదు, మధ్యలో రెండు రోజులు మా చేతిలో ఉన్నాయి. వాటిని మేం నిమ్మకాయలకు ఖర్చు పెట్టాం. ఏ ఇంట్లో ఎవరు ఎన్ని సీసాలు తాగుతారో ఊరి ఆశా వర్కర్‌కు తెలియనిది కాదు. ఆమె ఇల్లిల్లూ తిరిగితే పీహెచ్‌సీ డాక్టరు చూడగలిగినవాళ్లను అక్కడే చూస్తారు, ముదిరినవాళ్లను పెద్ద దవాఖానకు పంపుతారు. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, నల్లగొండ, సూర్యాపేట, అన్నిచోట్లా ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి. అయినా మా జనానికి తెలిసింది హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి ఒక్కటే. ఎర్రగడ్డకు పొమ్మనడం మా దగ్గర తిట్టు. ఆ పేరు చెబితే చావనైనా చస్తాం గానీ రామంటారు. మెడికల్ కాలేజీ దవాఖానలో ఫలానా గది, ఫలానా రోజు అని చెబితే, జ్వరానికి వచ్చినట్టే వస్తారు.

నల్లగొండ దిక్కు మా అక్కవాళ్ల ఊళ్లో ఇంకో రకం భయం ఉంది. విజయవాడ హైవే పక్క ఊరు. అక్కడి మాట గంజాయి. కొడుకు తాగుతున్నాడని తెలిసినా, దవాఖానకు తీసుకుపోతే పోలీసు కేసవుతుందని తల్లిదండ్రులు దాచిపెడుతున్నారు. మత్తు పదార్థాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది కదా. అలవాటు పడ్డవాడు తాగిన కేసులోనో, కొద్దిపాటి సరుకుతోనో దొరికినా, తనంతట తానే సర్కారు దవాఖానలో గానీ, సర్కారు గుర్తించిన చోట గానీ చికిత్సకు ఒప్పుకుంటే అతని మీద కేసు నడపరు. చికిత్స మధ్యలో వదిలేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. జైలు గురించి భయపెట్టే పోస్టర్లు చూశా గానీ, ఈ సంగతి పెద్ద అక్షరాల్లో రాసింది నా కంట పడలేదు.

నంబర్లదీ అదే కథ. అమ్మేవాళ్ల సమాచారం చెప్పడానికి 1908 ఉంది, మా బస్టాండు పోస్టర్‌లో ఉన్నది అదొక్కటే. మానాలనుకునేవాడు చేయాల్సింది 14446. నిద్ర పట్టక, దిగులుతో, టెన్షన్‌తో ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416, రాత్రి పగలు ఎప్పుడైనా, తెలుగులోనే. మా ఊళ్లో ఈ రెండు నంబర్లు తెలిసినవాళ్లు నాకు కనబడలేదు. నాకూ నిరుడే తెలిసింది.

సార్, నా దుకాణం పక్క గోడ కంపౌండు గేటుకు ఎదురుగానే ఉంటుంది. బయటికి వచ్చినవాళ్లు కాసేపు ఆనుకుని నిలబడేది దానికే. పోయిన వారం సున్నం కొట్టించి, కింద 14446, 14416 రాయించా. పుర్రె బొమ్మ వద్దని పెయింటర్‌కు చెప్పా, కల్లు సీసా గీశాడు, బాగానే వచ్చింది. పైన సగం గోడ ఖాళీగా ఉంచా. మా పీహెచ్‌సీలో ఈ జబ్బుకు ఏ రోజు చూస్తారో, ఎవరిని అడగాలో మీ శాఖ నుంచి చెప్పిస్తే అది కూడా రాయిస్తా. పెయింటర్ డబ్బులు నావే.

ఇట్లు
కంపౌండు ఎదుటి కిరాణా దుకాణదారు