కొన్న మ్యాప్‌కు ఏటేటా కిరాయా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో కొత్త కార్ల గురించి ఒక పూర్తి పేజీ వేశారు. తెర ఎన్ని అంగుళాలు, స్పీకర్లు ఎన్ని, దారి చూపే మ్యాప్ కారులోనే ఎలా అమరి ఉంటుంది, అన్నీ వివరంగా రాశారు. ఆ మ్యాప్ ఎన్నేళ్లు పనిచేస్తుంది, ఆ తర్వాత ఏడాదికి ఎంత కట్టాలి అన్న సంగతి మాత్రం ఒక్క లైను కూడా లేదు. నాకు జరిగింది చెబితే ఆ లైను ఎందుకు ఉండాలో మీకే తెలుస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైనా దయచేసి వేయండి.

నేను ఆర్టీసీలో 29 ఏళ్లు డ్రైవర్‌గా చేశాను. ఎక్కువ కాలం హన్మకొండ డిపోలోనే. పరకాల, భూపాలపల్లి, కాళేశ్వరం, ఏటూరునాగారం రూట్లలో ఏ మలుపు దగ్గర ఏ చెట్టు ఉంటుందో, వానకాలంలో ఏ కల్వర్టు మీదికి నీళ్లొస్తాయో ఇప్పటికీ చెప్పగలను. ఈ వైపు రోడ్లకు నాకు మ్యాప్ అక్కర్లేదు. కానీ మా బిడ్డ ఉట్నూరు దగ్గర గురుకులంలో టీచర్. అటు వైపు నేను ఏనాడూ డ్యూటీ చేయలేదు. అందుకే 2022లో రిటైర్మెంట్ డబ్బుల్లోంచి కారు కొన్నప్పుడు దారి చూపించేది కావాలని పట్టుబట్టి కొన్నాను.

షోరూములో రెండు మోడళ్లు చూపించారు. మ్యాప్ లేనిదానికీ ఉన్నదానికీ లక్షా 20 వేలు తేడా. అక్కడి అబ్బాయి "అంకుల్, ఇందులో మ్యాప్ బిల్టిన్. అడవిలో సిగ్నల్ లేకపోయినా దారి చూపిస్తుంది" అన్నాడు. ఆ మాట మీదే ఆ లక్షా 20 వేలు పెట్టాను. ఆ రోజు ఇచ్చిన కొటేషన్ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. కారు ధర, ఇన్సూరెన్స్, జీవిత పన్ను, ఫాస్టాగ్, చివరికి కాళ్ల కింద వేసే మ్యాట్ల ధర కూడా విడిగా రాశారు. మ్యాప్‌కు 3 ఏళ్లే గడువు అని మాత్రం ఎక్కడా రాయలేదు.

ఆ మూడేళ్లు అది బాగా పనిచేసింది. ఉన్నమాట చెప్పాలి కదా. జన్నారం అడవి రోడ్డులో ఫోన్ మూగబోయినా, కారు మాత్రం ఎంత దూరంలో మలుపు ఉందో చెబుతూనే ఉండేది. మా ఇంటావిడకు ఆ గొంతు వినపడితే ధైర్యం.

ఈ కార్తీక మాసంలో ఇద్దరం బిడ్డ దగ్గరికి బయలుదేరాం. ధర్మపురిలో ఆగి గోదావరి స్నానం, నరసింహస్వామి దర్శనం చేసుకునేసరికి సాయంత్రమైంది. రాయపట్నం వంతెన దాటి, లక్షెట్టిపేట మీదుగా జన్నారం చేరేసరికి బాగా చీకటి పడింది. అప్పుడు మ్యాప్ తెరిచాను. ఇంటి దగ్గర దాని అవసరం లేదు కాబట్టి చాలా నెలలుగా దాన్ని ముట్టుకోలేదు. తెర మీద మ్యాప్ బదులు ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు, కింద ఒక క్యూఆర్ కోడ్. చందా గడువు ముగిసింది, మళ్లీ కట్టండి అని దాని సారాంశం. సరే, కడదామని ఫోన్ తీశాను. ఫోన్‌లో సిగ్నల్ లేదు. కారులో ఉండే సిమ్‌కూ అందలేదు. డబ్బు చేతిలో ఉంది, కట్టే దారి లేదు. సిగ్నల్ లేని చోట కోసమని కొన్న వస్తువు, సిగ్నల్ ఉంటే తప్ప తెరుచుకోనంది.

అడవిలో ఒక చోట రోడ్డు రెండుగా చీలుతుంది. పగలైతే గుర్తుపట్టేవాణ్నే. రాత్రి తప్పు రోడ్డు పట్టాను. 9 కిలోమీటర్లు పోయాక రోడ్డు సన్నబడి కంకర తేలింది, ముందు కల్వర్టు తవ్వి ఉంది. అడవి పందుల కాపలాకు మంచె మీదున్న ఒక రైతు బ్యాటరీ లైటు వేసుకుని దిగి వచ్చాడు. "సారూ, ఉట్నూరు తొవ్వ ఎనుకనే ఇడిసిపెట్టిండ్రు, తిప్పుండ్రి" అని, తన బండి మీద ముందు నడిచి, రోడ్డు చీలిన చోటు దాకా వచ్చి సాగనంపాడు. చేను వదిలేసి వచ్చిన మనిషి, చాయ్‌కి పైసలిస్తే తీసుకోలేదు. ఆయన పేరు అడగాలని కూడా ఆ గాభరాలో తోచలేదు. మా ఇంటావిడకు బీపీ. ఆ గంటన్నర ఆమె పడ్డ టెన్షన్ నేను చూశాను. ఇల్లు చేరేసరికి బిడ్డ గేటు దగ్గరే నిలబడి ఉంది. "బాపూ, ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలుస్తలేదు" అని ఏడ్చింది.

తిరిగొచ్చాక షోరూముకు పోయాను. గడువుకు ముందు మెసేజ్ పంపామన్నారు. వెతికితే నిజంగానే ఉంది. ఇంగ్లిష్‌లో, ఇన్సూరెన్స్ ఆఫర్లు, సర్వీస్ క్యాంపుల మెసేజ్‌ల మధ్య. ఏడాదికి ఎంత అంటే, జీఎస్టీతో కలిపి 4 వేలకు దగ్గర. "మ్యాప్ మీదే అంకుల్, సర్వీస్ కంపెనీది" అన్నారు. మ్యాప్ నాదే అయితే దాన్ని మూసేసింది ఎవరు అని అడిగితే కస్టమర్ కేర్ నంబరు ఇచ్చారు. ఆ నంబరుకు చేస్తే కట్టే విధానం చెప్పారు తప్ప నా ప్రశ్నకు జవాబు రాలేదు.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడు నాకు కూర్చోబెట్టి విడమర్చి చెప్పాడు. కారు ఎక్కడుందో చెప్పేది ఉపగ్రహాల సంకేతం. అమెరికా వాళ్ల జీపీఎస్ సంకేతం ప్రపంచమంతా ఉచితం. 2000 మే దాకా సామాన్యులకు వచ్చే సంకేతంలో కావాలని కొంత తప్పు కలిపేవాళ్లట, ఆ తర్వాత అదీ మానేశారు. మన ఇస్రో 2013 జులైలో మొదటి ఉపగ్రహం పంపి మొదలుపెట్టిన నావిక్ సంకేతం కూడా సామాన్యులకు ఉచితమే. కారులోని పరికరం రేడియో లాగా వింటుందంతే, తిరిగి ఏమీ పంపదు. ఇక మ్యాప్ నా కారులోని మెమరీలోనే ఉంది. సిగ్నల్ లేని చోట మూడేళ్లు పనిచేసిందంటే కారణం అదే. నెలనెలా నిజంగా ఖర్చయ్యేది మూడోది: సిమ్ ద్వారా వచ్చే ట్రాఫిక్ సమాచారం, కొత్త రోడ్ల చేర్పులు.

ఆ మూడోదానికి డబ్బు అడగడం న్యాయమే, నేను కాదనను. మేడారం జాతర డ్యూటీలు చేసినవాణ్ని. పోయే దారి ఒకటి, వచ్చే దారి ఇంకొకటి, పూటకో మార్పు. అలాంటి సమాచారం ఎప్పటికప్పుడు అందించాలంటే మనుషులు పనిచేయాలి, వాళ్లకు జీతాలివ్వాలి. మన జిల్లాల సంగతే చూడండి. 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి, 2021లో వరంగల్ అర్బన్ పేరు హన్మకొండ అయింది. ఇవన్నీ మ్యాప్‌లో సరిచేయాలంటే ఊరికే కాదు. కొత్తవి కావాలన్నవాళ్లు కట్టుకుంటారు. వద్దన్నవాళ్లకు పాతదే ఉండనివ్వాలి కదా.

మా ఇంట్లో గోడకు 1998లో కొన్న వరంగల్ జిల్లా పటం ఉంది. అందులో ములుగు, జనగామ, మహబూబాబాద్ అన్నీ వరంగల్ జిల్లాలోనే ఉన్నాయి. ఆ పటం పాతబడింది, నిజమే. కానీ ఇన్నేళ్లలో ఆ పటం అమ్మిన దుకాణం మనిషి వచ్చి, ఈ ఏటి డబ్బు కట్టలేదని దాన్ని గోడ మీది నుంచి విప్పుకుని పోలేదు. నా కారులో జరిగింది సరిగ్గా అదే. కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు. జీవిత పన్ను ఒక్కసారే తీసుకున్నారు. మ్యాప్ ఆయుష్షు మాత్రం మూడేళ్లా?

అందరూ ఇలాగే చేస్తున్నారని నేను అనడం లేదు. కొన్ని కార్లలో చందా అయిపోయినా కారులోని మ్యాప్ నడుస్తుంది, ట్రాఫిక్ ఒక్కటే ఆగుతుంది. అంటే చేయాలనుకుంటే చేయొచ్చు. కొనేటప్పుడు ఏ కారులో ఏది ఆగుతుందో చెప్పేవాళ్లు లేకపోవడమే బాధ.

జనం గట్టిగా అడిగితే పెద్ద కంపెనీలు కూడా వెనక్కి తగ్గాయి. ఐఫోన్‌లోని మ్యాప్, పాటల లాంటివి కారు తెర మీద చూపించే యాపిల్ కార్‌ప్లేకు బీఎండబ్ల్యూ వాళ్లు ఏడాదికి 80 డాలర్లు తీసుకునేవాళ్లు. కొనేవాళ్లు తిట్టిపోస్తే 2019 చివర్లో మానేశారు. 2022లో దక్షిణ కొరియా లాంటి దేశాల్లో సీటు వెచ్చబడటానికి నెలకింత అన్నారు. సీటు కింద వైర్లు కారు అమ్మేనాటికే ఉన్నాయి, డబ్బు కడితేనే పనిచేస్తాయన్నమాట. దాని మీద పెద్ద గొడవ జరిగింది. 2023లో అదీ ఆపేశారు. డబ్బు కట్టేవాళ్లకైనా ఈ సేవలు ఎన్నాళ్లుంటాయో భరోసా లేదు. అమెరికాలో 2022లో టెలిఫోన్ కంపెనీలు 3జీ ఆపేస్తే, 3జీ సిమ్ మీద ఆధారపడిన పాత కార్లు ఎన్నో ఆ సేవలు కోల్పోయాయి.

సెకండ్ హ్యాండ్ కార్ల సంగతి ఇంకా తిప్పలు. నాతో పాటు చేసిన ఒక కండక్టర్ కరీంనగర్‌లో నాలుగేళ్ల కారు కొన్నాడు. మ్యాప్ కోసం చందా కడదామంటే పాత యజమాని ఫోన్‌కు ఓటీపీ పోతోంది. ఆయన ఇప్పుడు దుబాయిలో ఉన్నాడు. కారు ఎక్కడ ఆగిందో, ఎక్కడ తిరిగిందో ఇప్పటికీ ఆ పాత యజమాని ఫోన్‌లో కనిపిస్తుందని తెలిసి మా కండక్టర్ భార్య ఆ కారు ఎక్కడానికే ఇష్టపడటం లేదు. ఆమె భయంలో తప్పేమీ లేదు. ఆర్సీ పేరు మారినప్పుడు ఈ ఖాతా కూడా మారే ఏర్పాటు ఉండాలి.

"ఫోన్‌లో ఉచిత మ్యాప్ ఉందిగా, ఈ గొడవంతా ఎందుకు" అని నాతో చాలామంది అన్నారు. ఫోన్ మ్యాప్ మంచిదే. తెలుగులో కూడా చెబుతుంది. ముందే ఆ ప్రాంతం మ్యాప్ ఫోన్‌లోకి దించుకుంటే సిగ్నల్ లేకపోయినా నడుస్తుందని నాకు ఇప్పుడు తెలిసింది. అడవి రోడ్లలో తిరిగే మీ పాఠకులు ఈ ఒక్క పని తప్పక చేసుకోండి. కానీ మే నెల ఎండలో అద్దం దగ్గర పెట్టిన ఫోన్ కాలిపోతున్నట్టు వేడెక్కి ఆగిపోతుంది. అయినా ఇంకొకటి ఉచితంగా దొరుకుతుంది కాబట్టి నేను డబ్బు పెట్టి కొన్నది మూసేయవచ్చు అనడం ఏం న్యాయం?

చట్టం మన వైపు లేకపోలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జులై నుంచి అమల్లో ఉంది. ఆన్‌లైన్ అమ్మకాల్లో కొనేవాళ్లను మభ్యపెట్టే 13 రకాల పద్ధతులను కేంద్రం 2023 నవంబరు 30న మార్గదర్శకాల్లో పేర్కొంది. అందులో చందా ఉచ్చు ఉంది, మొదట ఒక ధర చెప్పి తర్వాత ఒక్కొక్కటిగా కలపడం ఉంది. కారులోని తెరకు కూడా ఈ రక్షణ స్పష్టంగా వర్తించేలా ఆ మార్గదర్శకాల్లో ఒక మాట చేర్చాలని నా విన్నపం. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. కంపెనీ జవాబు కోసం చూస్తున్నాను. రాకపోతే కొటేషన్ కాగితం పట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. జీవిత పన్ను, ఇన్సూరెన్స్ రాసే కొటేషన్ కాగితం మీదే ఎన్నేళ్లు ఉచితం, తర్వాత ఎంత, కట్టకపోతే ఏది ఆగుతుంది అని తెలుగులో రాసివ్వాలి. కారుతో పాటు అమ్మిన మ్యాప్‌ను మూయకూడదు. మూసే రోజు వస్తే, కనీసం దారి మధ్యలో ఉన్న మనిషికి ఆ రాత్రి గడిచేదాకా గడువివ్వాలి. మీరు కూడా ఇకపై కార్ల పేజీలో మైలేజీ పక్కన ఈ చందా సంగతి ఒక వరుసలో వేయండి. మా లాంటివాళ్లం మీ పేజీ చూసుకునే షోరూముకు పోతాం.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మా బిడ్డ రమ్మని పిలిచింది. పగలే బయలుదేరి పగలే చేరాలని మా ఇంటావిడ నా దగ్గర మాట తీసుకుంది. చందా కట్టలేదు. మేనల్లుడు ఫోన్‌లోకి ఆ ప్రాంతం మ్యాప్ దించిపెట్టాడు. జన్నారం దాటాక రోడ్డు చీలే చోటు మాత్రం నా పాత డ్యూటీ డైరీలో రాసుకున్నాను: ఎడమ పక్క మైలురాయి, దాని వెనక ఇప్పచెట్టు, అక్కడ కుడికి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్,
నయీంనగర్, హన్మకొండ.