యుద్ధ చట్టాలు మనకెందుకు అనేవాళ్లకు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను గుంటూరులో లా చదువుతున్నాను. యుద్ధ చట్టాల మీద ఆసక్తి అంటే ఇంట్లో, బయట ఒకటే మాట: "కొట్టుకునేటప్పుడు రూల్స్ ఎవడు చూస్తాడ్రా?" సరే, మరి నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపిన అశ్వత్థామను మన ఇళ్లలో ఇవాళ్టికీ ఎందుకు తిడతారు?

2019 ఫిబ్రవరి 27న వింగ్ కమాండర్ అభినందన్ పాకిస్తాన్‌కి చిక్కినప్పుడు, ముఖం మీద రక్తంతో ఉన్న ఆయన వీడియో బయటికొచ్చింది. అప్పుడు మన విదేశాంగ శాఖ అభ్యంతరం చెప్పింది, యుద్ధంలో గాయపడ్డవాళ్లనీ ఖైదీలనీ పౌరులనీ కాపాడే జెనీవా ఒప్పందాల పేరు మీదే. యుద్ధఖైదీని అవమానించకూడదు, జనానికి వింతగా చూపించకూడదు అని వాటిలో మూడో ఒప్పందం 13వ అధికరణం అంటుంది. మనమేమో కోపంతో ఊగిపోతూనే ఆ వీడియోని గ్రూపుల్లో తిప్పాం, నేనూ పంపాను, తప్పని అప్పుడు నాకూ తెలియదు. 1971లో మన చేతికి చిక్కిన దాదాపు 93 వేల మంది పాకిస్తానీలను మనం ఈ ఒప్పందాల కిందే ఉంచి తర్వాత వెనక్కి పంపామన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

ఈ 4 ఒప్పందాలు 1949 నాటివి, మనం 1950లోనే ఆమోదించాం. సైన్యానికి వీటిని నేర్పాలి, వీలైతే మామూలు చదువుల్లో కూడా చేర్చాలి అని వాటిలోనే రాసుంది. కానీ మా క్లాసులో ఇది అంతర్జాతీయ చట్టం పేపర్లో చివరి ముక్క, పరీక్ష ముందు రోజు జిరాక్స్ తీసుకుని బట్టీ కొట్టే సరుకు. ఈ ఒప్పందాలకు కొనసాగింపుగా 1977లో వచ్చిన అదనపు ప్రొటోకాళ్లలో మన దేశం ఎందుకు చేరలేదో గంటసేపు వాదించుకోవాల్సిన విషయం, మాకు ఒక మార్కు బిట్‌గా వచ్చింది!

ఇంకొకటి, చిన్నదే అనుకోండి. మా వీధి మందుల షాపు బోర్డు మీద రెడ్‌క్రాస్ గుర్తుంది. కేంద్రం అనుమతి లేకుండా అది వాడకూడదని 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం చెబుతోంది. యుద్ధంలో ఆ గుర్తున్న ఆస్పత్రినీ అంబులెన్సునీ కొట్టకూడదు కాబట్టే అంత పట్టింపు. ఓనర్‌కి చెబితే నవ్వి, "నీ చదువు ముదిరిందిరా అబ్బాయ్" అన్నాడు.

మీ చదువు పేజీలో పోటీ పరీక్షల బిట్లు రోజూ వేస్తున్నారు కదా, వారానికి ఒక్క అధికరణం తేలిక తెలుగులో వివరించి వెయ్యండి సార్. మొదటిది ఆ రెడ్‌క్రాస్ గుర్తు గురించే అయితే, కత్తిరించి షాపాయనకి ఇచ్చొస్తాను.

ఇట్లు,
ఒక లా విద్యార్థి, గుంటూరు