బస్తాకు ఎన్ని నీళ్లు? గడ్చిరోలి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

సిరొంచ వైపు కల్వర్టులు కట్టే మేస్త్రీల శిక్షణలో ఒక పూట భౌతిక, రసాయన శాస్త్రాలకు ఇవ్వండి. సైన్సు బడిలో, ఇంజనీరింగు సైటులో అనే గీత కాంక్రీటు దగ్గర చెల్లదు.

సిమెంటు గట్టిపడేది ఆరడం వల్ల కాదు, నీటితో జరిగే రసాయన చర్య వల్ల. దానికి సిమెంటు బరువులో సుమారు 0.38 వంతు నీరు చాలు. అంటే 50 కిలోల బస్తాకు 19 లీటర్లు. అంత తక్కువైతే మాలు కదలదు కాబట్టి 0.5 లెక్కన 25 లీటర్లు పోస్తారు. ఆ రాజీయే ఇంజనీరింగు. మిగులు నీరు సన్న రంధ్రాలు వదిలిపోతుంది. ఇంకో బకెట్ పోస్తే పని సులువు, బలం హుళక్కి. ఈ సంబంధాన్ని 1918లో అమెరికా ఇంజనీరు డఫ్ అబ్రామ్స్ పట్టుకున్నది సిద్ధాంతంతో కాదు, వరుస పరీక్షలతో. శాస్త్రమే ఎప్పుడూ ముందు నడవదు మరి!

ఇసుకది ఇంకో తిరకాసు. 5 శాతం తడి ఉంటే 100 కిలోల్లో దాదాపు 5 లీటర్ల నీరు దాగుంటుంది. పైగా తలతన్యత రేణువులను ఎడంగా నిలిపి ఇసుకను ఉబ్బిస్తుంది. తట్టలతో కొలిస్తే ఇసుక తక్కువ, నీరు ఎక్కువ పడతాయి. తూకం పెట్టించండి.

మే ఎండల్లో తడి గోనెలు కప్పి కనీసం 10 రోజులు క్యూరింగ్ చేయాలి, అంటే కాంక్రీటును తడి ఆరనీయకుండా ఉంచాలి.

ప్రతి సైటులో గీతలున్న బకెట్, మాలు ఎంత జారుగా ఉందో చూసే స్లంప్ కోన్ ఉంచి, ఈ లెక్కలను మరాఠీతోపాటు తెలుగులోనూ బోర్డుపై రాయించగలరు.

ఇట్లు,
సిరొంచ ప్రాంత సివిల్ ఇంజనీర్లు