నాన్నా, అది ఎడారి కాదు

వెర్రిబీ, మెల్‌బోర్న్
ఆదివారం

నాన్నకు నమస్కారాలు.

మొన్న ఫోనులో మీరు అడిగినదానికి సరిగా జవాబు చెప్పకుండానే డ్యూటీకి పరుగెత్తాను. తమ్ముడు పెట్టిన ‘మ్యాడ్ మ్యాక్స్’ సినిమా చూసి, నేనుండేది ఆ ఎడారిలోనేనా అని కంగారు పడ్డారు కదా. మీరు చూసింది 1979 నాటి మొదటి భాగం. అందులో ఎడారే లేదు, అది ఎండిన గడ్డి. వేసవిలో ఇక్కడ నేలంతా అదే రంగు. నిజమైన ఎర్రమట్టి బయలు రెండో భాగంలో ఉంటుంది. దాన్ని బ్రోకెన్ హిల్ అనే ఊరి వైపు తీశారు, మాకు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం.

మొదటిది మా చుట్టుపక్కలదే. హీరో కారుతో మోటారు సైకిళ్లవాళ్లను నీళ్లలోకి తోసేసిన వంతెన లిటిల్ రివర్ అనే ఊళ్లో ఉంది, మా ఇంటినుంచి పావుగంట. నిన్న సెలవు కావడంతో మా వార్డులో పనిచేసే కేరళ అమ్మాయి కారులో వెళ్లి చూశాం. చిన్న వంతెన, దూరంగా యూ యాంగ్స్ కొండలు, చెవులు గింగురుమనే గాలి. అక్కడ నిలబడి మీ గురించే అనుకున్నాను. టీవీలో ఎవరు బండి నడిపినా గేరు తప్పు పట్టే మనిషి కదా మీరు! ఇదీ వినండి: హీరో నల్లకారు బానెట్ మీద పొడుచుకొచ్చిన యంత్రం ఉత్త అలంకారం. ఇంజనుకు దానితో పనే లేదు.

డబ్బు లేక అలాంటివెన్నో చేశారు. మొత్తం ఖర్చు మూడున్నర, నాలుగు లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. దర్శకుడు జార్జ్ మిల్లర్ సొంత వ్యాన్‌నే తెచ్చి గుద్దించేశాడు. కొందరికి కూలి కింద బీరు ఇచ్చారట. అమెరికాకు పంపేటప్పుడైతే వీళ్ల యాస అక్కడివాళ్లకు అర్థం కాదని ఇంగ్లీషు సినిమాకు ఇంగ్లీషులోనే డబ్బింగ్ చెప్పించారు! అమ్మకు చెప్పండి, నవ్వుతుంది.

ఆ మిల్లర్ డాక్టర్, నాన్నా. ఆసుపత్రి ఎమర్జెన్సీలో పనిచేశాడు. సినిమాకు డబ్బు కూడబెట్టడానికి కూడా మూడు నెలలు అత్యవసర పిలుపులకు వెళ్లి వైద్యం చేశాడు. అప్పుడు నిర్మాత బైరన్ కెనడీ కారు నడిపేవాడు. ఈ సంగతి తెలిశాక సినిమాలో ఒక చోటు నాకు వేరేగా కనిపించింది. హీరో భార్యాబిడ్డల్ని మోటారు సైకిళ్లు తొక్కేసేటప్పుడు వాళ్లను చూపించడు. రోడ్డు మీద దొర్లుకుంటూ ఒక చిన్న బూటు, వెనకాలే బంతి. అంతే. మా వార్డుకు రోడ్డు ప్రమాదాల నుంచి వచ్చేవాళ్ల కాళ్లకు చాలాసార్లు ఒక చెప్పే ఉంటుంది. వస్తువులు సంచిలో వేసి పేరు రాసేది మేమే. రెండో చెప్పు ఎక్కడని ఎవరూ అడగరు. ఆ బూటును ఎమర్జెన్సీలో పనిచేసినవాడే పెట్టగలడని నాకు అనిపిస్తుంది.

మార్టూరు దగ్గర లారీ ప్రమాదం చూసి, మీరు నడుపుతున్న బస్సు ఆపి దెబ్బలు తగిలినవాళ్లను ఎక్కించుకొచ్చారు, గుర్తుందా? ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, చేయి కడుక్కుని లేచిపోయారు. అప్పుడు నాకు పదేళ్లు. ఏమయిందని అడగడానికి భయమేసింది.

సినిమాలో హీరో పగ తీర్చుకోవడం మరీ చివర్లో, గబగబా అయిపోయిందని మీకు నచ్చలేదట. నాకైతే అంతే చాలనిపించింది. ఆఖరివాడి కాలికి బేడీ వేసి, చేతికి రంపమిచ్చి వెళ్లిపోయేటప్పుడు హీరో ముఖం చూశారా? గెలిచినవాడి ముఖంలా లేదు. మన సినిమా అయితే అక్కడ డప్పులు మోగేవి.

చలి మొదలైంది. అమ్మ పంపిన కందిపొడి అయిపోవచ్చింది, ఈసారి కాస్త ఎక్కువ పంపమనండి. మీ కంటి పరీక్ష వాయిదా వేయకండి.

వంతెన ఫొటో దీనితో పెడుతున్నాను. రోడ్డు వెడల్పు చూడండి. ఎనభై కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండిని అక్కడ మీరైతే ఎక్కడినుంచి బ్రేకు తొక్కేవారో రాయండి.

మీ
పెద్దమ్మాయి