అమ్మ స్పీచ్ థెరపిస్ట్ గారికి కృతజ్ఞతలు

మేడమ్, పక్షవాతం తర్వాత అమ్మకు వచ్చింది అఫేసియా అని డాక్టర్ చెప్పేదాకా మేం ఆ పేరే వినలేదు. మనుషుల్ని గుర్తుపడుతుంది, మన మాటలు అర్థమవుతాయి, తనకు కావలసిన మాటే నోటికి రాదు. చూడ్డానికి వచ్చినవాళ్లు కొందరు ఆమెకు చెవుడేమో అన్నట్టు గట్టిగా మాట్లాడేవారు. మీరు మొదటి రోజే, అమ్మ ఎదుటే, "తెలివికి ఏ లోటూ లేదు, మెదడులో మాటను అందుకునే దారి దెబ్బతింది" అన్నారు. అమ్మ ముఖం తేటపడింది. ముందుగా ఆ మాటకు మా నమస్కారం.

తాళంచెవి బొమ్మ పెట్టి, దాని పేరు అడగకుండా, దేనికి వాడతాం, ఎక్కడ పెడతాం, దేంతో చేస్తారు అని మీరు చుట్టూ తిప్పి అడిగేవారు. అమ్మ "తలుపు..." అని చేత్తో తిప్పి చూపిస్తే అదీ జవాబుగానే తీసుకునేవారు. అప్పటికీ రాకపోతే "తా..." అని మొదటి అక్షరం అందించేవారు. చాలాసార్లు అక్కడ మాట వచ్చేసేది. ఇప్పుడు ఇంట్లో పేరు దొరక్కపోయినా, ఈ పద్ధతిలోనే తనకేం కావాలో మాకు చెప్పేస్తోంది.

ఒకటి నుంచి పది వరకు గడగడా చెప్పే మనిషి, విడిగా ఐదు అంకె చూపిస్తే ఆగిపోతుంటే మాకు ఒకటే టెన్షన్. అలవాటుగా వచ్చే వరస వేరు, వెతికి తెచ్చుకునే మాట వేరు అని మీరు విడమర్చాక కుదుటపడ్డాం.

సాధన చేసిన మాటలే బాగా మెరుగవుతాయి, మిగతావాటికి ఆ లాభం అంతగా పాకదు అని కూడా దాచకుండా చెప్పారు. అందుకే ఏనుగు, ఒంటె బొమ్మలు పక్కన పెట్టించి, ఏ మాటలు కావాలో అమ్మనే ఎంచుకోమన్నారు. మనవల పేర్లు, కళ్లజోడు, మాత్రలు, ఇంకా పక్కింటావిడ పేరు! అది ఎందుకో మాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఆ ఫొటోలన్నీ తీసి కార్డులు చేసిన అన్నయ్యకు, అమ్మ మాట వెతుక్కునేటప్పుడు తొందరపెట్టకుండా ఆగే మీ థెరపీ గ్రూపులోని పెద్దలందరికీ కూడా థ్యాంక్స్.

తడబాటు ఇంకా ఉంది. ఇక క్రియలు మొదలుపెడదామన్నారుగా, అమ్మ సిద్ధం. ఈ పోస్టు ఆమెకు చదివి వినిపించే పెడుతున్నాను. ఒక వాక్యం దగ్గర "వద్దు, తీసెయ్" అంది, తీసేశాను.